తోడు వేసిన అండాలు

నేను రిటైరైన రోజున ల్యాబ్‌లో పిల్లలంతా కలిసి నాకొక నవల బహుమతిగా ఇచ్చారు. మెడికల్ థ్రిల్లర్. సంతాన సాఫల్య కేంద్రం నడిపే డాక్టరొకడు ఆడవాళ్ళ అండాలు దొంగిలించి, నేలమాళిగలో గాజు తొట్లు పెట్టుకుని ఏవేవో ప్రయోగాలు చేస్తుంటాడు. చూపు క్రూరం, నవ్వు అంతకన్నా క్రూరం. నర్సులకు వాడంటే వణుకు. కథానాయిక దొంగ తాళంచెవితో లోపలికి వెళ్ళి వాడి గుట్టు బయటపెడుతుంది. ఆక్లండ్ శివారు ఆల్బనీ నుంచి ఊళ్ళోకి వచ్చే బస్సులో కూర్చుని మూడు నాలుగు రోజుల్లో చదివేశాను. మొదట్లో నవ్వుకున్నాను. తర్వాత కోపం వచ్చింది.

కోపం రచయిత మీద కాదు. ఇది చదివి మా పిల్లలు ఈ వృత్తిలో చెడ్డవాడంటే ఇలా ఉంటాడనుకుంటారే అని. అలాంటివాణ్ణి ఎవరైనా పట్టుకుంటారు. ముప్ఫై ఏళ్ళకు పైగా ఈ పని చేశాను. నేను చూసిన తప్పుడు పని పట్టపగలు, లైట్లన్నీ వెలుగుతుండగా జరిగింది. చేసినవాడు ఆ ల్యాబ్ మొత్తంలోకీ మర్యాదస్తుడు. పేషెంట్లు ఆయనకు ఇంట్లో చేసిన సున్నుండలు తెచ్చిపెట్టేవారు. నేనూ ఆయన్ను ఇష్టపడ్డాను. అందుకే ఇది రాస్తున్నాను. ఎంబ్రియాలజీ చదువుకుని ఈ దేశంలో ల్యాబ్‌లలో చేరుతున్న మన పిల్లల కోసం. ప్రమోషన్లూ జీతాల సంగతీ మీకు వేరేవాళ్ళు చెబుతారు. పేర్లన్నీ మార్చాను. మా క్లినిక్ పేరు చెప్పను.

ఆవుల దగ్గర నేర్చుకున్నది

నాది కాకినాడ. జువాలజీ ఎమ్మెస్సీ. పెళ్ళయి ఇక్కడికి వచ్చాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం వైకాటోలో, పాడి ఆవుల పిండమార్పిడి చేసే చోట. మా అత్తగారు ఫోన్‌లో చుట్టాలకు "మా కోడలు పశువుల ఆసుపత్రిలో చేస్తోంది" అని చెప్పుకోలేక, "గవర్నమెంట్ రీసెర్చ్" అని చెప్పేవారు. అది గవర్నమెంటూ కాదు, రీసెర్చీ కాదు. గంబూట్లు వేసుకుని చలిలో వణుకుతూ, షెడ్డు మూలన పెట్టిన మైక్రోస్కోపులో కన్ను పెట్టడమే పని.

కానీ నా చెయ్యి అక్కడే కుదిరింది. అండాన్ని పిపెట్ అనే సన్నని గాజు గొట్టంలోకి తీసుకునేటప్పుడు ఊపిరి ఎలా పట్టాలో, అది గోడకు అంటుకుపోతే కంగారు పడకుండా ఎలా విడిపించాలో ఆవులే నేర్పాయి. అందుకని ఈ మధ్య పెద్ద డిగ్రీలతో వచ్చే పిల్లలు పశువుల ల్యాబ్‌లంటే మూతి విరిస్తే నాకు ఒళ్ళు మండుతుంది. చేతికి డిగ్రీ ఉండదు.

ఆక్లండ్ క్లినిక్‌లో చేరినప్పుడు ల్యాబ్ హెడ్ హెలెన్. సౌత్ ఐలండ్ గొర్రెల కాపరుల ఇంటి పిల్ల. మాట తక్కువ, మొహం మీద ఏ భావమూ కనిపించదు. మొదటి రోజున నాతో అన్న మాట ఇదీ: ఆవుకీ మనిషికీ మైక్రోస్కోప్ కింద తేడా పెద్దగా ఉండదు, తేడా అంతా గది బయట కుర్చీలో కూర్చుని ఉంటుంది. ఆ కుర్చీలో కూర్చున్న మనిషిని నెలకొకసారైనా వెళ్ళి చూసి రమ్మనేది. చాలా ల్యాబ్‌లలో ఎంబ్రియాలజిస్టులు పేషెంట్ల మొహం చూడరు. అండాలుంచే డిష్ మీద పేరు చూస్తారు, అంతే. హెలెన్‌కు అది నచ్చేది కాదు.

మన పేర్లతో ఆవిడ పడ్డ పాట్లు ఒక పుస్తకం అవుతాయి. ఇంటిపేరు ముందు రాసేవాళ్ళు, వెనక రాసేవాళ్ళు, అసలు ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదించేసేవాళ్ళు, పాస్‌పోర్టులో ఒకటీ క్లినిక్‌లో ఇంకొకటీ చెప్పేవాళ్ళు. ఒకే వారంలో ముగ్గురు లక్ష్ములు వచ్చారు. వాళ్ళలో ఇద్దరికి లక్ష్మి అసలు పేరు, ఒకరికి ఇంటిపేరు స్థానంలో పడ్డ అత్తగారి పేరు. హెలెన్ ముగ్గుర్నీ పిలిచి కూర్చోబెట్టి, నన్ను పక్కన పెట్టుకుని, మిమ్మల్ని ఇంట్లో ఏమని పిలుస్తారు అని అడిగింది. ఆ రోజు నుంచి నేను క్లినిక్‌లో తెలుగువాళ్ళకు అనధికార దుబాసీని అయిపోయాను. జీతం పెరగలేదు లెండి.

పిండం అనకండి

దుబాసీ పని మొదలుపెట్టాక నాకొకటి అర్థమైంది. మన భాషలో ఈ వృత్తికి సరిపడా మాటలు లేవు. ఉన్నవి తిన్నగా లేవు.

మౌంట్ రాస్కిల్ నుంచి వచ్చిన ఒకామెతో, పాపం మూడో ప్రయత్నం, "రెండు పిండాలు బాగా ఎదిగాయండీ" అన్నాను. ఆమె మొహం మాడిపోయింది. ఆమె మామగారు పోయి అప్పటికి ఏడాది కాలేదు. పిండం అంటే ఆమెకు తెలిసింది మాసికం రోజున విస్తరిలో పెట్టేదే. ఆ తర్వాత ఎంబ్రియో అనే అనడం అలవాటు చేసుకున్నాను. అండం అంటే ముసలివాళ్ళకు కూడా అర్థమవుతుంది. వీర్యం అనే మాట భార్యాభర్తలిద్దరూ కలిసి ఉన్నప్పుడు అంటే భర్త గోడ మీద క్యాలెండర్ చూడటం మొదలుపెడతాడు. "శాంపిల్" అంటే ఊపిరి పీల్చుకుంటాడు. కణం మధ్యలో కేంద్రకం ఉంటుంది, చుట్టూ ఉండే ద్రవంలో మైటోకాండ్రియా అనేవి ఉంటాయి, అవి తల్లి నుంచి మాత్రమే బిడ్డకు వస్తాయి అని చెప్పాలంటే నాకు చచ్చేంత పని అయ్యేది. మనకు తండ్రి వైపు నుంచి వచ్చేదానికి గోత్రం అని పేరుంది. తల్లి నుంచి, ఆమె తల్లి నుంచి, ఆమె తల్లి నుంచి వచ్చేదానికి పేరే లేదు.

డాక్టర్ ప్రభాకర్ వచ్చాక ఈ కష్టం తీరిందనుకున్నాను. గుంటూరు వైపు మనిషి. రెండు మూడు దేశాల్లో పనిచేసి వచ్చాడు. చెయ్యి చాలా మంచిది. మామూలుగా డాక్టర్లు ల్యాబ్‌లో సూది ముట్టుకోరు, అది మా పని. ఆయన మాత్రం మా పని కూడా నేర్చుకుని వచ్చాడు. అంతకన్నా ఆయన మాట గొప్పది. ఎంత కష్టమైన సంగతైనా వంటింట్లోంచి ఒక మాట తీసి చెప్పేసేవాడు. గర్భాశయం గోడ పలచగా ఉందని చెప్పాలంటే "పెనం ఇంకా కాగలేదమ్మా, ఇప్పుడే పిండి పోయకూడదు" అనేవాడు. ఏడుస్తూ వచ్చినవాళ్ళు నవ్వుతూ వెళ్ళేవాళ్ళు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఆయన ఉన్నంతకాలం మా వెయిటింగ్ రూమ్ పెళ్ళి విడిదిలా ఉండేది.

అప్పుడు నేను గమనించి ఉండాల్సింది అని ఇప్పుడనడం తేలిక. నిజం చెప్పాలంటే గమనించడానికి ఏమీ లేదు. పెనం అన్నా గర్భాశయం అన్నా జరిగే వైద్యం ఒకటే. మాట సులువైతే తప్పేమీ లేదు. మాట సులువై, దాని వెనక జరిగేది మరొకటైనప్పుడే తప్పు.

స్రవంతి

స్రవంతి, నవీన్ టౌరంగా నుంచి వచ్చేవారు. కరీంనగర్ వాళ్ళు. అతను పోర్టులో లాజిస్టిక్స్ చూసేవాడు, ఆమె ఆసుపత్రి ఫార్మసీలో పని. కొండలు దాటి తెల్లవారుజామున బయలుదేరి వచ్చి, స్కాన్ చేయించుకుని, మళ్ళీ మధ్యాహ్నం డ్యూటీకి వెళ్ళిపోయేది. నలభై ఒకటో ఏడు. అప్పటికే వేరేచోట మూడుసార్లు, మా దగ్గర ఒకసారి విఫలమైంది. అండాలు వచ్చేవి, ఫలదీకరణ అయ్యేవి, మూడో రోజుకు ఆగిపోయేవి.

డోనర్ అండం తీసుకోమని రెండుసార్లు చెప్పారు. రెండుసార్లూ వద్దంది. రెండోసారి నేను పక్కనే ఉన్నాను. ఆమె అమ్మ ఆమె పెళ్ళికి ముందే పోయింది. అక్కచెల్లెళ్ళు లేరు, మేనత్తలే గానీ పిన్నమ్మలు లేరు. "మా అమ్మ తరఫున నేనొక్కదాన్నే ఉన్న మేడం. నాతోనే ఆగిపోతె ఆగిపోనీ. కానీ వేరేవాళ్ళ గుడ్డు వద్దు" అంది. గట్టిగా చెప్పలేదు. మందుల పేర్లు చెప్పినంత మామూలుగా చెప్పింది. నవీన్ నేల చూస్తూ కూర్చున్నాడు. అతనికి డోనర్ అయినా ఫరవాలేదని నాకు తెలుసు. భార్యను బలవంతపెట్టని మనిషి.

ఇక ఐదోసారిదే ఆమెకు చివరి ప్రయత్నం. ఆమే అనుకున్నది, ఒంట్లో ఓపిక లేదని.

ఆమె అండాలు తీసిన రోజున నేను సెలవులో ఉన్నాను. మా అమ్మాయి పట్టా పుచ్చుకునే రోజు. హెలెన్ కూడా హామిల్టన్‌లో ఏదో ట్రైనింగ్‌కు వెళ్ళింది. మర్నాడు ఉదయం నేను వచ్చి, ఎవరివి ఫలదీకరణ అయ్యాయో చూడటం మొదలుపెట్టాను. స్రవంతివి నాలుగు అయ్యాయి. ఎప్పుడూ లేనంత చక్కగా ఉన్నాయి. సంతోషించాను కూడా.

డిష్‌లు వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్‌లో పక్క అర మరో అమ్మాయిది. ఆల్బనీలో చదువుకుంటున్న తెలుగమ్మాయి. పిల్లలు లేని తన సొంత అక్క కోసం ఆ ముందు రోజే అండాలు ఇచ్చింది. అక్కకు తప్ప మరెవరికీ కాదు, ఆ మాట స్పష్టంగా చెప్పి ఇచ్చింది. ఆ అమ్మాయి అండాలు అక్క పేరు మీద ఉన్నాయి. రెండు మాత్రం విడిగా ఒక చిన్న డిష్‌లో ఉన్నాయి. ఆ రెండూ ముడుచుకుపోయి ఉన్నాయి. పొర మీద సూది దిగిన రంధ్రం కనిపిస్తోంది, లోపల సగం ఖాళీ. ఆవుల దగ్గర నుంచీ ఎన్ని వేల అండాలు చూసి ఉంటానో, తనంత తానుగా అలా ఖాళీ అయిన అండాన్ని చూడలేదు. ఎవరో లోపలిది పీల్చారు.

డాక్టర్ ప్రభాకర్ గదికి వెళ్ళి అడిగాను. ఆయన దాచలేదు. దాచే మనిషి అయితే ఆ డిష్‌ను ముందే పారేసేవాడు. కుర్చీ చూపించి, ఉత్సాహంగా చెప్పాడు. వయసు మీరిన అండంలో కేంద్రకం బాగానే ఉంటుంది, చుట్టూ ఉన్న ద్రవంలో సత్తువ పోతుంది. వయసులో ఉన్న అమ్మాయి అండంలోంచి కాస్త ద్రవం తీసి, భర్త కణంతో పాటు స్రవంతి అండాల్లోకి ఎక్కించాడు. బయటి దేశంలో ఉన్నప్పుడు చేశాడట. ఇక్కడ ఎథిక్స్ కమిటీకి దరఖాస్తు పెట్టాడట, అనుమతి వస్తుందట. ముందు రోజు ల్యాబ్‌లో ఉన్న మా సహోద్యోగికి వచ్చేసిందని చెప్పాడట.

స్రవంతికి తెలుసా అని అడిగాను. నవ్వి, "అంతా తెలుగులో విడమరిచి చెప్పానండీ వసుంధర గారూ. సంతకం కూడా చేసింది" అన్నాడు.

ఎన్ని ఫలదీకరణ అయ్యాయో పేషెంటుకు ఫోన్ చేసి చెప్పడం ఎంబ్రియాలజిస్టు పని. చేశాను. నాలుగు అయ్యాయని చెప్పాను. స్రవంతి వెంటనే అడిగింది.

"తోడు మంచిగ పట్టుకున్నదా మేడం?"

తోడు అంటే ఏమిటని అడిగాను. డాక్టరుగారు ఏం చెప్పారో నాకు చెప్పమ్మా అన్నాను.

"గదే మేడం, పాలకు తోడేసినట్టు. నా గుడ్లల్ల బలమున్నదాంట్లకెల్లి జరంత తీసి, బలం లేని దాంట్ల ఏస్తరు కదా. డాక్టర్ సాబ్ తోడేస్తమనే చెప్పిండు. పాలు మనయే, తోడు మనదే. వేరేవాళ్ళదైతే నేనెందుకు ఒప్పుకుంట?"

మళ్ళీ ఫోన్ చేస్తానని చెప్పి పెట్టేశాను.

పక్కింటి తోడు

మళ్ళీ ఆయన గదికి వెళ్ళాను. ఆమె ఏమనుకుంటోందో చెప్పాను. ఆయన ఆశ్చర్యపోయిన మాట నిజం. ఒక క్షణం పాటు. తర్వాత సర్దుకున్నాడు. "తోడు అని చెప్పాను, అబద్ధం చెప్పలేదు కదండీ. ఇంట్లో తోడు లేకపోతే పక్కింట్లోంచి తెచ్చుకోమా? ఆ పెరుగు పక్కింటివాళ్ళదైపోతుందా?"

ఇది మీరు జాగ్రత్తగా వినాలి. ఆయన వాదన తెలివితక్కువది కాదు. తోడు రెండు విధాలా ఉంటుంది. చాలా ఇళ్ళలో నిన్నటి సొంత పెరుగే ఇవాళ తోడు. అది అయిపోతే పక్కింటికి గిన్నె పట్టుకెళతాం. ఆయన ఒకటి మనసులో పెట్టుకుని చెప్పాడు, ఆమె ఇంకోటి మనసులో పెట్టుకుని వింది. ఇంగ్లీషులో చెప్పి ఉంటే ఎవరి అండం అన్న ప్రశ్న వచ్చి తీరేది. తెలుగులో, మనవాడు, మన మాటలో చెప్పబట్టి ఆమె ఇక అడగలేదు. డోనర్ వద్దని రెండుసార్లు చెప్పిన మనిషికి, డోనర్ అనే మాట పలక్కుండా చెప్పడానికి ఆ మాట ఎంతో వీలుగా ఉందని ఆయనకు తెలియదంటే నేను నమ్మను. తనకు తాను ఆ సంగతి చెప్పుకోలేదేమో, అది వేరే.

నేను అన్నది ఒకటే: "తోడు పక్కింటికెళ్ళి అడిగి తెచ్చుకుంటామండీ. గోడ దూకి తెచ్చుకోం."

అప్పుడాయన గొంతు మారింది. కోప్పడలేదు. బతిమాలాడు. నాలుగూ ఎంత బాగున్నాయో నేనే చూశానన్నాడు. వచ్చే మంగళవారం ఒకటి గర్భంలో పెడితే ఆమెకు బిడ్డ పుట్టవచ్చు. ముక్కూ మొహమూ అన్నీ ఆమెవే, కేంద్రకం ఆమెదే కదా. ఇప్పుడు మనం నోరు విప్పితే ఏమవుతుందో తెలుసా అన్నాడు. కమిటీలు, ఎంక్వయిరీలు, ఆ ఎంబ్రియోలను ఎవరూ ముట్టుకోనివ్వరు. "ఆవిడ ఒళ్ళో బిడ్డను పెట్టే అవకాశం మీ చేతిలో ఉందండీ. తీసేయకండి" అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నటన కాదు. ఆ నవల్లోని డాక్టరు అయితే నేను ఆ క్షణంలోనే బయటికి నడిచేదాన్ని. నడవలేకపోయాను, కూర్చుండిపోయాను. ఎందుకంటే ఆయన చెప్పిన దాంట్లో ప్రతి ముక్కా జరగబోతుందని నాకూ తెలుసు.

బయటికి వచ్చాక నర్సు నైరీ నా మొహం చూసి టీ తెచ్చింది. నైరీ మావోరీ మనిషి, ఈ దేశపు మూలవాసి. కొత్తవాళ్ళ ముందు తన పేరు చెప్పేముందు తన కొండ పేరూ, తన నది పేరూ, ఎవరి మనవరాలో చెప్పుకునే జనం. ఆమెకు పేర్లు చెప్పకుండా జరిగింది చెప్పాను. ఆమె తిట్టలేదు, తీర్పు చెప్పలేదు. ఆ పుట్టబోయే పాప పెద్దయ్యాక నేను ఎవరి నుంచి వచ్చాను అంటే ఆ తల్లి అబద్ధం చెబుతుంది, అబద్ధమని కూడా తెలియకుండా, అంది. అంతే అని తన పని చూసుకోవడానికి వెళ్ళిపోయింది.

నేను హెలెన్‌కు ఫోన్ చేశాను.

చెప్పడం

తర్వాత జరిగిన ఎంక్వయిరీ గురించి రాయను. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు అందరికీ కొంచెం కొంచెం పంచారు. డాక్టర్ ప్రభాకర్ ఈ దేశంలో ప్రాక్టీసు చేయకూడదన్నారు. ఆయన వెళ్ళిపోయాడు. ఆయన కోసం ఏడ్చిన పేషెంట్లు ఉన్నారు, నన్ను వెన్నుపోటుదారు అన్న తెలుగువాళ్ళూ ఉన్నారు. శాండ్రింగ్‌హామ్‌లో కూరగాయల కొట్టు దగ్గర ఒకాయన నన్ను చూసి, "మనోడి పొట్ట కొట్టిందండీ ఈవిడే" అని భార్యతో నాకు వినపడేటట్టే అన్నాడు. వంకాయలు ఏరుకుని వచ్చేశాను.

స్రవంతికి ఎవరు చెప్పాలన్న దాని మీద మాత్రం వాదన జరగలేదు. ఏ భాషలో మోసపోయిందో ఆ భాషలోనే చెప్పాలంది హెలెన్. ఫోన్‌లో కాదు, రప్పించి చెప్పాలంది. వాళ్ళు ఎంబ్రియో పెట్టించుకోవడానికని బయలుదేరాల్సిన రోజు కంటే ముందే వచ్చారు. ఆమె కొత్త చుడీదార్ వేసుకుని వచ్చింది. ఏదో మంచి మాట చెప్పడానికి పిలిచామనుకుంది.

ఉపమానాలేమీ వాడకుండా చెప్పాను. కేంద్రకం ఆమెదేనని, ముక్కూ మొహమూ దాన్నుంచే వస్తాయని చెప్పాను. ఎక్కించిన ద్రవం, అందులోని మైటోకాండ్రియా మాత్రం మరో అమ్మాయి అండంలోవని చెప్పాను. ఎవరో చెప్పలేనన్నాను. కమిటీ తేల్చేదాకా నాలుగింటినీ ఫ్రీజ్ చేశామని చెప్పాను. నవీన్ లేచి నిలబడి, ఎవరి మీద అరవాలో తెలియక తలుపు వైపు తిరిగి నిలబడ్డాడు. ఆమె కూర్చునే ఉంది. నేను చెప్పింది తిరిగి నాకే అప్పజెప్పింది, సరిగ్గా అర్థమైందో లేదోనని. ఫార్మసీలో పనిచేసే మనిషి కదా, ఒక్క ముక్క తప్పు పోలేదు. తర్వాత అడిగిన మొదటి ప్రశ్న తన గురించి కాదు.

"ఆ పిల్లకు ఎరుకేనా?"

తెలియదు, ఆ సాయంత్రం చెప్పబోతున్నామన్నాను.

కొన్ని నెలలు గడిచాయి. ఆయన చెప్పినట్టే అయింది. అనుమతి లేని పద్ధతిలో తయారైన ఎంబ్రియోలు కాబట్టి వాడటానికి వీల్లేదన్నారు. ఆమె ఒప్పుకున్నా, ఎవరు ఒప్పుకున్నా వీల్లేదు. ఆ నిర్ణయం సరైనదేనా అని నన్ను చాలామంది అడిగారు. నియమం సరైనదే. ఆమెకు అన్యాయమే. రెండూ నిజమే. ఒకటి నిజమైతే రెండోది కాకూడదని మీకెవరైనా చెబితే, వాళ్ళు ఈ పని చేసినవాళ్ళు కారు.

ఆ మాట చెప్పడానికి మళ్ళీ నేనే కూర్చున్నాను. ఈసారి ఆమె ఒక్కతే లోపలికి వచ్చింది, నవీన్ కారులోనే ఉన్నాడు. అంతా విన్నది. మీరు చెప్పకుంటే నాకిప్పుడు కడుపు పండి ఉండేదేమో అంది. అవునన్నాను. ఆ మాటకు జవాబు అదొక్కటే. మీ మీద కోపం లేదంది, కానీ ఇంకెప్పుడూ మీకు ఎదురుపడలేనంది. దానికీ సరేనన్నాను.

వెళ్ళబోతూ తలుపు దగ్గర ఆగి, ఆ అమ్మాయి ఏమందని అడిగింది.

ఆ అమ్మాయి సంగతి నేను చెప్పవచ్చో లేదో ఆ క్షణంలో ఆలోచించలేదు. ఆ పిల్లే చెప్పమంది. నెలల కిందట, మేం చెప్పిన ఆ సాయంత్రం, ఆల్బనీ నుంచి వచ్చి కూర్చుని, అంతా విని, ఇరవై మూడేళ్ళ పిల్ల, సగం ఇంగ్లీషులో, సగం వచ్చీరాని తెలుగులో, "ఆంటీ, నన్ను అడిగితే ఇచ్చేదాన్ని కదా. అక్కకి సరిపోయాయి కదా. జస్ట్ అడగాలి కదా" అని ఏడ్చింది. ఆవిడకు పనికొస్తే వాడుకోమని చెప్పండి అంది. అప్పటికి ఆ మాటకు విలువ ఉందో లేదో మాకెవరికీ తెలియదు.

అదే స్రవంతికి చెప్పాను.

తలుపు పిడి మీద చెయ్యి అలాగే ఉంచి నిలబడింది. ఆమె కళ్ళలో నీళ్ళు నేను చూసింది అప్పుడే, అన్ని నెలల్లో.

"నన్ను అడిగినా ఒప్పుకుందునేమో అక్కా. గింతే అని, మా అమ్మ ముఖం ఏడికి పోదని మీరు చెప్పినట్టు చెప్తే, ఒప్పుకుందునేమో. ఆమె ఇస్తుండె. నేను తీసుకుందు." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇద్దర్ల ఒక్కర్ని గూడ అడగలే."

కారు వెళ్ళిపోయేదాకా కిటికీ దగ్గర నిలబడ్డాను. మర్నాడు నాలుగు ఎంబ్రియోలనూ పారేయడానికి ఫ్రీజింగ్ ట్యాంకులోంచి బయటికి తీయాల్సి వచ్చింది. ఎవరైనా చేయగలిగే పని, కొత్తగా చేరినవాళ్ళకు అప్పజెప్పే పని. నేనే తీశాను. అవి గది వేడికి వచ్చి కరిగిపోయేదాకా ఆ బల్ల దగ్గరే కూర్చున్నాను.